అయితది అన్న మాటకు ఎన్ని మార్కులు

దసరా ముందు చక్రపాణి గారి ల్యాబులో మొగిలయ్య తీగ పీకాడనీ, ఆ దెబ్బతో జరగాల్సిన కొత్త కంప్యూటర్ల పని ఆగిపోయిందనీ, ఇదంతా మెట్ల కింద తన కుర్చీ కాపాడుకోవడానికే చేశాడనీ అమీర్‌పేట గల్లీల్లో ఒక మాట తిరుగుతోంది. మైత్రీవనం వెనక కూరలు కట్టించుకునేవాళ్ళు చెప్పుకున్నారు. బోరబండ బస్సులో నిలబడ్డవాళ్ళు చెప్పుకున్నారు. పంజాగుట్ట చేరేసరికి పీకిన తీగ కాస్తా కత్తెరతో కోసిన తీగ అయింది. మొన్నైతే ఎవరో గొడ్డలి అన్నారు.

అందులో నిజమెంతో ముందే చెప్పేస్తే మంచిది. తీగ పీకిన మాట నిజం. పని ఆగిన మాట సగం నిజం. తీగ పీకమన్నది మాత్రం మొగిలయ్య బుద్ధి కాదు, ల్యాబును పరీక్షించడానికి వచ్చిన సంహిత. ఎదురుగా నిలబడి, చేతి గడియారం చూసుకుంటూ, "ఇప్పుడు పీకండి మొగిలయ్య గారూ" అని చెప్పి మరీ పీకించింది. ఇక మిగిలింది కుర్చీ మాట. అది తేలాలంటే మొగిలయ్య ఎవరో, ఆ కుర్చీలోకి ఎలా వచ్చాడో తెలియాలి.

మొగిలయ్యకు యాభై దాటాయి. పుట్టింది బోరబండలో. తండ్రి రాళ్ళు కొట్టేవాడు. ఇతను పదో తరగతి అయ్యాక కరెంటు పని నేర్చుకున్నాడు. అమీర్‌పేట మైత్రీవనం భవనంలో గది ఖాళీ అయితే చాలు కంప్యూటర్ క్లాసు పెట్టేస్తున్న రోజులవి. గదికి ముప్పై కంప్యూటర్లు, వాటికి తీగలు లాగాలి. క్లాసు ఆపడానికి సార్లు ఒప్పుకునేవారు కాదు. ముందు పాఠం, వెనక నిచ్చెన. ఒకే పాఠం రోజుకు ఆరు బ్యాచులకు చెబితే, ఆరు సార్లూ విన్నవాడు ఒక్క మొగిలయ్యే. ఒకనాడు సారు అడిగిన ప్రశ్నకు క్లాసంతా నేల చూపులు చూస్తుంటే జవాబు పైనుంచి వచ్చింది. సారు తలెత్తి "దిగు" అన్నాడు. తిట్లు పడతాయనుకుంటూ దిగాడు. సారు ఖాళీ కుర్చీ చూపించి "కూర్చో" అన్నాడు. అలా నిచ్చెన మీద మొదలైన చదువు కుర్చీ మీద ముగిసింది. సర్టిఫికెట్టు మాత్రం లేదు.

2003లో చక్రపాణి గారు పంజాగుట్టలో రక్తపరీక్షల ల్యాబు పెట్టినప్పుడు తీగలు లాగడానికి వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. ఆ ల్యాబుకు సాఫ్ట్‌వేర్ రాసినాయన రెండేళ్ళకు వేరే కొలువు చూసుకుని పోయాడు. అప్పట్నుంచి ఆ సాఫ్ట్‌వేర్‌కు జలుబు చేసినా, జ్వరం వచ్చినా మొగిలయ్యనే పిలవాలి. ఒక ల్యాబు అయిదయింది. లక్డీకాపూల్లో ఒకటి, బోరబండలో ఒకటి, ఇంకో రెండు. అయిదింటిలోనూ రక్తం ఇచ్చినవాళ్ళ పేరు రాసుకోవడం దగ్గర్నుంచి రిపోర్టు చేతికొచ్చేదాకా ప్రతి పనీ పంజాగుట్టలో మెట్ల కిందున్న పెద్ద పెట్టెలోంచే నడవాలి. ఆ పెట్టె పక్కన ఒక కుర్చీ. కూర్చుంటే ఫరవాలేదు, లేస్తే మెట్టు నెత్తికి తగులుతుంది. ఇరవై రెండేళ్ళుగా మొగిలయ్య తల వంచుకునే లేస్తున్నాడు.

ఈ సంవత్సరం వర్షాకాలంలో చక్రపాణి గారికి ఆ పెట్టె మీద విసుగు పుట్టింది. రిపోర్టు ఫోనుకు రావాలని జనం అడుగుతున్నారు. అదొక్కటీ చేర్చబోతే పాత సాఫ్ట్‌వేర్‌లో ఇంకేదో కూలుతోంది. ఈ పాతది తీసేసి, పనికొక ముక్కగా విడివిడిగా పెట్టుకుందామనుకున్నారు. పేర్లు రాసుకునేదొక ముక్క, పరీక్షలదొకటి, రిపోర్టులదొకటి. ఆ ముక్కలు ల్యాబులో ఉండవు. ఎక్కడో పెద్ద కంపెనీల కంప్యూటర్లలో అద్దెకుంటాయి. క్లౌడ్ అంటున్నది దాన్నే. ఏ ముక్క నచ్చకపోతే ఆ ముక్కే మార్చుకోవచ్చు. కాకపోతే అలాంటి మార్పుకు ల్యాబు తయారుగా ఉందా లేదా అని ముందు ఎవరైనా చూసి చెప్పాలి. చూసి చెప్పేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో ఒకతె సంహిత.

సంహితకు ముప్పై మూడేళ్ళు. తల్లిదండ్రులది తెనాలి వైపు, తను పెరిగింది మాత్రం అమీర్‌పేటలోనే. ఆమె ఉద్యోగం పేరు నోరు తిరగదు గానీ, పని మాత్రం అందరికీ తెలిసిందే. ఇంట్లో పెళ్ళంటే ముందుగా వంటింట్లోకి వెళ్ళి, పొయ్యిలెన్ని, గిన్నెలెన్ని, చెయ్యి తిరిగినవాళ్ళెందరు అని చూసి, ఇంతమందికి వండగలరు, ఇంతకు మించి పిలవకండి అని చెప్పే పెద్దావిడ ఒకరుంటారు చూడండి, అలాంటి పని. సంహిత ల్యాబులకూ, కంపెనీలకూ వెళ్ళి నలభై ప్రశ్నలడిగి నూటికి మార్కులు వేస్తుంది. డెబ్బై దాటితే అంతా ఒకేసారి మార్చుకోవచ్చు. నలభైకీ డెబ్బైకీ మధ్య వస్తే మెల్లగా, ముక్కా ముక్కా. నలభై కంటే తక్కువొస్తే ముందు ఇల్లు సర్దుకోవాలి.

మొదటి రోజు ఆమె మెట్ల కిందికొచ్చి, తిరగేసిన ప్లాస్టిక్ డబ్బా మీద కూర్చుని, కొత్త పద్ధతి గురించి చెప్పడం మొదలుపెట్టింది. అయిదు నిమిషాలు విన్నాక మొగిలయ్య చెయ్యెత్తాడు.

"జర ఆగుండ్రి మేడమ్. అంటే ఫుల్ మీల్స్ బంద్ చేసి కర్రీ పాయింట్ కాడికి పోవుడన్నట్టు."

"అంటే?"

"ప్లేట్ల చారు పులిసిందనుకోండ్రి. గిప్పుడైతే ప్లేటంత పారేస్తున్నం. మీరు చెప్పినట్టయితే చారు పాకిట్ ఒక్కటి మార్చుకుంటం."

సంహిత నవ్వి, ఆ మాట నోటుబుక్కులో రాసుకుంది.

"మరి అన్నం?" అన్నాడు మొగిలయ్య.

"అన్నమేంటి?"

"కూరలు ఏడికెంచన్న తెచ్చుకోవచ్చు. అన్నమైతే ఇంట్ల వండుకోవాలె గద. మన అన్నం ఉడికిందా లేదా, ఎవరు చూస్తరు?"

"అది చూడ్డానికే వచ్చానండీ," అంది సంహిత. ఈ మనిషితో పని సులువుగా అయిపోతుందనుకుంది. అక్కడే పొరపడింది.

ప్రశ్నలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ల్యాబువాళ్ళకు సులువుగా ఉండాలని ఆమే కూర్చుని తెలుగులో రాసుకొచ్చింది.

"రోజూ బ్యాకప్ అవుతుందా?"

"అయితది."

"ఒక నెట్ లైను పోతే రెండోది అందుకుంటుందా?"

"అందుకుంటది."

"రిపోర్టుల వరకు ఏదైనా మార్చాలంటే కౌంటర్లు ఆపకుండా కుదురుతుందా?"

"జర కష్టం. గని కుదురుతది."

"మీరు రాని రోజు ఇంకెవరైనా చూస్తారా?"

"చూస్తరు మేడమ్. ఎందుకు చూడరు?"

పైన గదిలో చక్రపాణి గారిదీ అదే వరస. "నిర్ణయాలెవరు తీసుకుంటారండీ?" అంటే "అందరం కలిసే తీసుకుంటామండీ" అన్నారు. "సిబ్బందికి నేర్పిస్తారా?" అంటే "ఎందుకు నేర్పించం, నేర్పిస్తాం" అన్నారు. కౌంటర్ దగ్గరుండే దినేశ్‌ను అడిగితే, కొత్త ట్యాబ్ ఎప్పుడిస్తారని ఎదురడిగి, అన్నిటికీ "చేస్తం మేడమ్" అన్నాడు.

మార్కులు కూడితే డెబ్బై ఎనిమిది వచ్చాయి. సంహిత సంతకం పెట్టి రిపోర్టు పంపింది.

చక్రపాణి గారు అందరికీ గులాబ్‌జామ్ పంచారు. దసరా రోజు ఉదయం అయిదు ల్యాబులూ ఒకేసారి కొత్త పద్ధతికి మారతాయని ప్రకటించారు. మొగిలయ్యను దగ్గరకు పిలిచి భుజం తట్టారు. "ఏది అడిగినా అవుతుందన్నావు. నీ అంత ధీమా ఇంకెవరికీ లేదయ్యా. కొత్తదానికి నువ్వే ఇన్‌చార్జివి. పైన కిటికీ పక్కన కుర్చీ వేయిస్తాను."

కిటికీ పక్కన కుర్చీ. అక్కడ లేచి నిలబడితే నెత్తికి ఏదీ తగలదు. ఆ మధ్యాహ్నం మొగిలయ్య ఏదో పనున్నట్టు రెండుసార్లు పైకెళ్ళి ఆ కిటికీలోంచి మెట్రో రైలు పోవడం చూసొచ్చాడు. ఇంటికి ఫోన్ చేసి భార్యకు చెబుతుంటే దినేశ్ విన్నాడు కూడా.

కథ ఇక్కడే అయిపోయేది, రుద్రమ్మ వంకాయ కూర లేకపోతే.

రుద్రమ్మది మైత్రీవనం వెనక గల్లీలో కర్రీ పాయింట్. ఆఫీసుల నుంచి వచ్చేవాళ్ళు, హాస్టళ్ళ వాళ్ళు సాయంత్రం డబ్బాలతో వరస కడతారు. గులాబ్‌జామ్ తిన్న మూడో రోజు సంహిత కూడా స్టీలు డబ్బా పట్టుకుని నిలబడింది.

"రుద్రమ్మ గారూ, గుత్తి వంకాయ ఉంటుందా?"

"ఉంటది బిడ్డా, నిలవడు."

నిలబడింది. ముందున్న నలుగురూ వెళ్ళారు, వెనకనుంచి వచ్చిన ఇద్దరూ వెళ్ళారు. పది నిమిషాలయింది.

"ఏదండీ వంకాయ?"

"అయితది. ఇంక కోసుడే ఉన్నది."

"అయ్యో, ఉంటుందన్నారుగా!"

రుద్రమ్మ గరిటె నడుముకు ఆనించుకుని చూసింది. "ఉంటదన్న. ఉన్నదన్ననా?"

వరసలో వాళ్ళు నవ్వారు. సంహిత నవ్వలేదు. చేతిలో డబ్బా అలాగే పట్టుకుని, ఎవరో తన పేరు పెట్టి పిలిచినట్టు నిలబడిపోయింది. ఉంటది. ఉన్నది. అయితది. అయింది.

తెలుగులో రోజూ జరిగేదానికీ, ఇకముందు జరగబోయేదానికీ ఒకటే మాట. పాలు వస్తాయా అంటే వస్తాయి. అది రోజూ వస్తాయనో, రేపు వస్తాయనో అన్నవాళ్ళ మనసుకే తెలియాలి. పుట్టిన దగ్గర్నుంచి ఆ భాషే మాట్లాడుతున్నా సంహితకు ఇది ఎన్నడూ తట్టలేదు. ఇంగ్లీషులో ఉన్నప్పుడు 'రోజూ జరుగుతోందా' అని తెగేసి అడిగిన ప్రశ్న, ఆమె చేతి తెలుగులోకి వచ్చాక రెండు కాళ్ళ మీద నిలబడింది. మొగిలయ్య తనకు వీలైన కాలు పట్టుకున్నాడు.

ఆమె పప్పు కట్టించుకుని ఇంటికెళ్ళి, చెప్పులు విడవకుండానే కంప్యూటర్ తెరిచింది. నలభై ప్రశ్నల్లో ముప్పై ఆరు 'తుందా' అనో 'తారా' అనో ముగిశాయి.

దసరాకు ఇంకా ఇరవై రోజులున్నాయి. ఊరుకోవచ్చు. రిపోర్టు ఇచ్చేసింది, మిఠాయి తినేసింది. తన పేరు కింద ఇంతవరకు ఒక్క మార్కూ వెనక్కి తీసుకున్నది లేదు. కానీ ఆ పెట్టెలో ఇరవై రెండేళ్ళ రిపోర్టులున్నాయి. కిడ్నీ మందులు వాడేవాళ్ళు పోయినేడాది అంకె ఎంత, ఈ ఏడు ఎంత అని పక్కపక్కన పెట్టి చూసుకునేవి. ఒకేసారి అంతా కదిలించినప్పుడు అటూ ఇటూ అయితే వెనక్కి తేవడానికి బ్యాకప్ ఒక్కటే దిక్కు. ఆ బ్యాకప్ అవుతుంది. అయిందా?

సోమవారం పొద్దున్నే మళ్ళీ మెట్ల కిందికి వెళ్ళింది.

"మళ్ళ అవే ప్రశ్నలా మేడమ్?" అన్నాడు మొగిలయ్య, కాగితాలు చూసి.

"అవే. కానీ ఈసారి జరిగిపోయిందే చెప్పాలి. జరిగేది వద్దు. నిన్న బ్యాకప్ అయిందా?"

మొగిలయ్య పెట్టె వైపు చూశాడు. "బ్యాకప్ లైటయితే వెలిగింది."

"అందులోంచి ఒక్క రిపోర్టయినా వెనక్కి తెచ్చి చూశారా, ఎప్పుడైనా?"

మొగిలయ్య పెట్టె మీది దుమ్ము చేత్తో తుడిచాడు.

"గిది రాస్తె మార్కులు తగ్గుతయా?" అన్నాడు చివరికి.

"తగ్గుతాయి."

"మస్తు తగ్గుతయా?"

"డెబ్బైకి చాలా కిందికొస్తాయి మొగిలయ్య గారూ. దసరా పని ఆగుతుంది. మీరు పైకి..." ఆమె పూర్తిచేయలేదు.

పూర్తిచేయనక్కర్లేదు. ఇద్దరి తలల మీదా మెట్లే. ఆ మెట్లు వెళ్ళేది కిటికీ ఉన్న గదికే. మొగిలయ్య కాసేపు ఆ మెట్టు అడుగునే చూశాడు. చూసి, "రాసుకోండ్రి," అన్నాడు. "కాలే. ఒక్కసారి సుత తెచ్చి చూడలే."

"మరి ఆ రోజు అవుతుందని ఎందుకన్నారు?"

"మీరు అవుతుందా అన్నరు. అయితది గద! చేస్తె అయితది. పెద్దోళ్ళు అడిగితె మొఖం మీద కాదనం మేడమ్. అయితదంటం. అన్నంక ఎట్లన్న జేసి చేస్తం. చేసినయి చేసిన. చెయ్యనియ్యనియి చెయ్యలే."

"చెయ్యనియ్యలేదా? ఎవరు?"

అప్పుడు మొగిలయ్య వంగి, కుర్చీ వెనకనుంచి ఒక గోనెసంచి లాగాడు. నిండా గోడ క్యాలెండర్లు. చుట్టచుట్టి, సంవత్సరానికొకటి రబ్బరుబ్యాండు వేసి ఉన్నాయి. తిథులు, రాహుకాలం, పాలవాడి లెక్క రాసుకునే మామూలు తెలుగు క్యాలెండర్లే. ఒకటి విప్పాడు. ప్రతి గడిలోనూ చీమల్లాంటి అక్షరాలు. 'లక్డీకాపూల్ లైను పోయింది, మూడు గంటలు.' 'పెట్టె వేడెక్కింది, తడి గుడ్డ, ఫ్యాను.' 'రిపోర్టులు ఆగినయి, రెండో పంక్తి తీసేస్తే నడిచింది.' ఒక చవితి గడిలో: 'బ్యాకప్ తెచ్చి చూడాలె, రెండు గంటలు ల్యాబు ఆపాలె. సారును అడిగిన. చూద్దామన్నరు.' ఆ మాట నాలుగు సంవత్సరాల క్యాలెండర్లలో నాలుగుసార్లుంది.

సంహిత ఆ గడులను ఫోటోలు తీసుకుంది. 'పని ఎలా నడుస్తుందో ఎక్కడైనా రాసి పెట్టారా' అన్న ప్రశ్నకు ఆమె మొదటిసారి నాలుగు మార్కులేసింది, చక్రపాణి గారి దగ్గర అట్టవేసిన పుస్తకం ఒకటి చూసి. ఆ పుస్తకంలో పన్నెండేళ్ళ కిందటి సంగతులున్నాయి. ల్యాబు నిజంగా ఎలా నడుస్తోందో ఆ గోనెసంచిలో ఉంది. దానికెన్ని మార్కులో ఆమె కాగితంలో లేదు.

బుధవారం మధ్యాహ్నం పరీక్ష పెట్టుకున్నారు. చక్రపాణి గారు తలూపారు గానీ కౌంటర్లలో ఎవరికీ చెప్పలేదు. చెప్పడం ఎవరి పనో ఎవరికీ తెలియదు. ముందు పెద్ద లైను పీకితే రెండో లైను అందుకుంటుందా అని. సంహిత గడియారం చూసి పీకమంది, మొగిలయ్య పీకాడు. లక్డీకాపూల్లో నడుస్తోందో లేదో ఫోన్ చేసి కనుక్కుందామంటే మెట్ల కింద సిగ్నల్ లేదు. ఆమె పైకెళ్ళింది. సరిగ్గా అప్పుడే, కౌంటర్ ఆగిపోయిందేమిటని దినేశ్ కిందికి దిగాడు. అతనికి కనిపించింది మొగిలయ్య, మొగిలయ్య చేతిలో తీగ.

"ఏంది మొగిలన్న, పీకినవా?"

"పీకిన," అన్నాడు మొగిలయ్య. అబద్ధమాడే సంగతి కాదు కదా.

రెండో లైను అందుకోలేదు. తీగ మళ్ళీ పెట్టినా పాత సాఫ్ట్‌వేర్ ఒక్కో ల్యాబునూ విడిగా లేపాల్సి వచ్చి నలభై నిమిషాలు పట్టింది. తరువాత బ్యాకప్ సంగతి చూశారు. జనవరి దాకా ఉన్న రిపోర్టులు తెరుచుకున్నాయి. ఆ తరువాత ఎనిమిది నెలలవి చదవడానికి వీల్లేని ముద్ద. లైటు మాత్రం ప్రతి రోజూ వెలిగింది. పెట్టెలో అసలువి భద్రంగా ఉన్నాయి కాబట్టి ఎవరి రిపోర్టూ పోలేదు. దసరా రోజు కదిలించి ఉంటే ఏమయ్యేదో ఇద్దరూ పైకి అనుకోలేదు.

మొత్తం మళ్ళీ కూడితే ముప్పై ఏడు వచ్చాయి.

"ఏంటండీ ఇది సంహిత గారూ?" చక్రపాణి గారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టారు. "మొన్న డెబ్బై ఎనిమిది, ఇవాళ ముప్పై ఏడు. మధ్యలో ఈ ల్యాబులో ఒక్క కుర్చీ కూడా జరగలేదు!"

"ప్రశ్న మారలేదండీ. కాలం మార్చాను."

"ఏం కాలం?"

"భూతకాలం."

ఆయన కళ్ళద్దాలు తీసి చూశారు. మూడో తరగతిలో పంతులు గారు బల్ల మీద బెత్తంతో కొట్టి చెప్పే సంగతి, ఇన్ని డిగ్రీల పెద్దమనిషికి మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. సంహిత ఓపిగ్గా చెప్పింది. "తప్పు నాదేనండీ. అడగడం నాకు చేతకాలేదు. మొదటి కాగితం మీద సంతకం నాది, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను."

"మరి వాడు అన్నిటికీ అవుతుందని ఎలా చెప్పాడు? ఇరవై ఏళ్ళుగా నా దగ్గరున్న మనిషి!"

"మిమ్మల్నీ ఒకటి అడగనా? నిర్ణయాలు అందరూ కలిసే తీసుకుంటామన్నారు. చివరిసారి ఎవరెవరు కూర్చుని తీసుకున్నారు?"

చక్రపాణి గారు ఆలోచించారు. "నేనూ..." అని కొంచెం ఆగి, "నేనే," అన్నారు.

ఆమె క్యాలెండర్ గడుల ఫోటోలు ఆయన ముందుంచింది. 'చూద్దామన్నరు' అన్న మాట నాలుగుసార్లు చదివి, ఆయన ఫోను బోర్లించారు.

మనిషి చెడ్డవాడు కాదు. దసరా పని ఆపారు. ముందు మొగిలయ్య అడిగిన అన్నం సంగతి చూసుకుందామన్నారు. ప్రతి శుక్రవారం బ్యాకప్ వెనక్కి తెచ్చి చూడాలి, రెండో లైను బాగుచేయించాలి, మొగిలయ్యకు తెలిసినదంతా ఇంకొకరికి తెలియాలి. అవన్నీ అయ్యాక, ఉగాదికి, బోరబండ ల్యాబులో రిపోర్టుల ముక్క ఒక్కటీ మార్చి చూడాలి. పని ఆగిందనడం సగం నిజమే అన్నది అందుకే. ఇక మొగిలయ్య విషయానికొస్తే, "ఆ ఇన్‌చార్జి సంగతి తరువాత చూద్దాం" అన్నారు. కిటికీ పక్కన వేసిన కొత్త కుర్చీలో ఇప్పుడు సందర్శకులు కూర్చుంటున్నారు.

మొగిలయ్య దగ్గర పని నేర్చుకోవాల్సిన ఆ ఇంకొకరు ఎవరనుకున్నారు? దినేశే. దసరాకు రావాల్సిన ట్యాబ్ రాలేదు సరికదా, రోజుకొక గంట మెట్ల కింద కూర్చుని క్యాలెండర్లు చదవాల్సి వచ్చింది. అతను తన కళ్ళతో చూసింది చెప్పాడు. చూడనిది తానే కలిపాడు. మిగతాది వినేవాళ్ళు చూసుకున్నారు.

ఆ మాట చివరికి రుద్రమ్మ గరిటె దగ్గరికి వచ్చింది. దీపావళి దాటిన ఒక సాయంత్రం, డబ్బా అందుకుంటూనే ఆమె సంహితను నిలేసింది.

"ఏం బిడ్డా, మీ మొగిలయ్య గొడ్డలితోని తీగ నరికిండంట గద?"

"గొడ్డలేంటండీ! తీగ పీకమన్నది నేను. చెకింగ్ కోసం."

"నువ్వా!" రుద్రమ్మ గరిటె ఆగింది. "మరి కుర్చీ ముచ్చట? గా పాత పెట్టె పోతె ఆయన జాగ పోతదని, కాలేదు కాలేదు అని చెప్పి ఆపిచ్చిండంటున్నరు."

"కాలేదన్నది నిజమే. నేనే తెరిచి చూశాను."

"కాలేదన్నది ఎరుకైంది. ఎందుకు చెప్పిండో అడుగుతున్న."

నలభై ప్రశ్నలు రెండేసిసార్లు అడిగిన సంహిత ఇదొక్కటీ అడగలేదు. ఆ సోమవారం అతను మెట్టు అడుగున ఏం చూశాడో అప్పుడప్పుడు గుర్తొస్తూనే ఉంది. తన కాగితం వల్లే అతనికి ఆ పేరొచ్చిందన్నదీ గుర్తొస్తూనే ఉంది.

ఇంతలో గల్లీ మలుపులో మొగిలయ్యే కనిపించాడు, చేతిలో రెండు గిన్నెల క్యారియర్‌తో. వచ్చి వరస చివర నిలబడి, "అక్కా, గుత్తి వంకాయ ఉన్నదా?" అని కేకేశాడు. ఉంటదా అనలేదు, ఉన్నదా అన్నాడు.

"ఉన్నది రా తమ్ముడు! ముందటికి రా," అంది రుద్రమ్మ. తరువాత సంహిత వైపు వంగి, వరసంతా వినేలా గుసగుసలాడింది. "అడుగరాదు బిడ్డా? నువ్వడుగుతవా, నన్నడుగమంటవా?"

మొగిలయ్య ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఏందక్కా?"

సంహిత డబ్బా మూత బిగించి, అతనికెదురుగా తిరిగింది. "మొగిలయ్య గారూ, గల్లీలో ఒక మాట అనుకుంటున్నారు. మీరూ వినే ఉంటారు. ఆ రోజు కాలేదని చెప్పారు చూడండి, కుర్చీ కోసమే చెప్పారా?"

మొగిలయ్య క్యారియర్ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"కుర్చీ కోసమైతే అయితదనే అందును గద మేడమ్. ఇరవై రెండేండ్లు అయితదన్న, మెట్ల కింది కుర్చీ కదిలిందా? పైన కిటికీ కాడ ఇంకోటి సుత వేసిన్రు. కాలేదని ఒక్కనాడు చెప్పిన, గా కిటికీ కాడి కుర్చీ పోయింది."